అయ్యసామి కుట్టని చొక్కాలు

"మీరు చిన్నపిల్లల చొక్కాలు కుడతారా సార్?"

ఆడిటరు ఆఫీసులో కంప్యూటరు ముందు కూర్చున్న అమ్మాయి తమిళంలో ఈ మాట అడిగేసరికి అయ్యసామి తన చేతులు చూసుకున్నాడు. కోయంబత్తూరులో ఒక మోటారు పంపుల కంపెనీలో ముప్పై ఏళ్ళుగా రాగితీగ చుట్టిన చేతులు అవి. వేళ్ళ కొసలు వార్నిష్ పట్టి పసుపు తిరిగి ఉన్నాయి. సూదిలో దారం ఎక్కించమంటే ఆ చేతులకు అరపూట పడుతుంది.

"నేనా? లేదమ్మా. ఎందుకు అడిగినావు?"

"పోయిన ఏడాది రెండు లక్షల అరవై వేలకు కుట్టినట్టు ఇక్కడ ఉంది. తిరుప్పూరు పిల్లల బట్టల పార్టీ కుట్టుకూలి ఇచ్చి, నూటికి రూపాయి లెక్కన టాక్సు పట్టుకుని, మీ పాన్ నంబరు మీద జమ చేసింది."

ఆ అమ్మాయి పేరు దర్శిని. ఆడిటరు దగ్గర పనికి చేరి మూడు నెలలే అయింది. అయ్యసామి ఏటా తమిళుల ఆడి నెలలో, అంటే జూలై దాటే వేళకు, ఇక్కడికి వచ్చి, కంపెనీ ఇచ్చిన జీతం కాగితం చూపించి, పైసా టాక్సు లేదని చెప్పించుకుని, అయిదు వందలు ఫీజు కట్టి పోయే మనిషి. ఇంటి అప్పు తీసుకున్నప్పుడు బ్యాంకువాళ్ళు చేసిన అలవాటు అది. ఈ ఏడు మాత్రం తన జీతం పక్కన, తాను ఎన్నడూ చెయ్యని పని ఒకటి వచ్చి కూర్చుంది.

అప్పుడు గుర్తొచ్చింది. ఫోను తీసి ఇంట్లో భార్యకు చేశాడు. "ఏమే పాప్పా, నీ కుట్టుపనంతా నా తలమీదికి వచ్చి కూచుండాది చూడు. ఆ తిరుప్పూరాయన నా నంబరే వేసినాడంట."

ఫోను పెట్టేసరికి దర్శిని నవ్వుతోంది. "మీరు తెలుగువాళ్ళా అన్నా?" అంది తెలుగులోనే. "మాది మదురై. ఇంట్లో మేమూ తెలుగే."

"అట్లనా! చదవను కూడా వస్తుందా?"

"ఎక్కడ! మాట్లాడేదే. రాసేదీ చదివేదీ తమిళం."

"నాదీ అదే కథ తల్లీ," అన్నాడు అయ్యసామి. భయం కొంచెం తగ్గినట్టయింది. కుర్చీ ముందుకు జరుపుకుని జరిగింది చెప్పాడు.

అతని భార్య పాప్పమ్మాళ్. నాయనమ్మ పేరు పెట్టారు కాబట్టి వయసుకు మించిన పేరు. సూలూరు దగ్గర వాళ్ళ ఇంటి ముందు గదిలో రెండు మిషన్లు వేసుకుని, తిరుప్పూరు నుంచి కత్తిరించి వచ్చే బనియన్ గుడ్డతో పసిపిల్లల చొక్కాలు కుడుతుంది. ఒకటిన్నర ఏడాది కిందట, పని ఇచ్చే పళనివేల్ ఫోను చేసి, "పాన్ నంబరు చెప్పండి, లేకపోతే నూటికి ఇరవై పట్టుకోవాల్సి వస్తుంది" అన్నాడు. పాప్పమ్మాళుకు పాన్ లేదు. అయ్యసామి ఒక్క క్షణం కూడా ఆలోచించకుండా తన నంబరు చెప్పేశాడు. ఇంటికి రేషన్ కార్డు ఒకటి. గ్యాసు ఒకటి. కరెంటు మీటరు ఒకటి. శనివారం పెరుమాళ్ గుడిలో అర్చన చీటీ కూడా ఒకటే. తన పేరు, నక్షత్రం చెబితే ఇంటిల్లిపాదీ అందులోకి వస్తారు. పాన్ మాత్రం వేరుగా ఎందుకుంటుంది?

దర్శిని తల పట్టుకుంది. "అన్నా, రేషన్ కార్డు ఇంటికి. పాన్ మనిషికి."

"మొగుడూ పెళ్ళాం ఇద్దరు మనుషులా?"

"టాక్సు ఆఫీసుకు ఇద్దరే."

ఆమె కాగితం మీద వేసి చూపించింది. అయ్యసామి జీతంలో ఉద్యోగులకిచ్చే మినహాయింపు పోను నాలుగు లక్షల అరవై ఐదు వేలు. ఆ ఏటికి ఏడు లక్షల లోపు ఉన్నవాళ్ళకు పడిన టాక్సంతా రిబేటు కింద మాఫీ. పాప్పమ్మాళుది రెండు లక్షల అరవై. ఆమెకు అసలు టాక్సే పడదు. విడివిడిగా చూస్తే ఇద్దరికీ సున్నా. రెండూ ఒకే నంబరు మీదికి వస్తే ఏడు లక్షల పాతిక వేలు. గీత దాటింది. రిబేటు పోయింది. ముందే పట్టుకున్నది తీసేసినా ఇంకా ఇరవై వేల ఎనిమిది వందలు కట్టాలి.

అయ్యసామి ఆ అంకె కింద వేలు పెట్టి మళ్ళీ చదువుకున్నాడు. ఇంట్లో బీరువాలో పాతిక వేలు ఉన్నాయి. పాప్పమ్మాళ్ రెండేళ్ళు కూడబెట్టినవి. అంచులు మడిచి కుట్టే పాత మిషన్ ఒకటి ఆమె బేరం చేసి పెట్టుకుంది. ఆ మిషన్ ఉన్నవాళ్ళకే దీపావళి ఆర్డర్లు ఇస్తానని పళనివేల్ చెప్పాడు. ఈ టాక్సు కడితే మిషన్ లేదు. మిషన్ లేకపోతే ఆర్డరు పక్క వీధికి పోతుంది.

"దారి లేదా తల్లీ?"

"ఉంది. అక్కకు ఆధార్ మీద పది నిమిషాల్లో పాన్ తీస్తాను. మీరు ఒక ఒప్పుకోలు కాగితం రాసి పళనివేల్‌గారికి ఇవ్వాలి, ఈ రాబడి నాది కాదు, నా భార్యది, పట్టుకున్న టాక్సు ఆమె పేరు మీద చూపించండని. ఆయన లెక్కలాయన మార్చి పంపిస్తే సరి. రిటర్ను వేయడానికి సెప్టెంబరు పదిహేను దాకా టైము ఉంది."

దర్శిని కాగితం తమిళంలో టైపు చేసి చేతికిచ్చింది. అయ్యసామి కళ్ళద్దాలు పెట్టుకుని చదివాడు. 'ఈ కుట్టుపనిలో నాకు ఏ విధమైన భాగమూ లేదు' అన్నచోట ఆగిపోయాడు.

"సంతకం పెట్టండన్నా."

"ఇంటికి తీసుకుపోయి పెడతానమ్మా," అన్నాడు.

*

కాగితం మూడు రోజులు వంటింట్లో పెరుమాళ్ పటం కింద ఉండిపోయింది.

అయ్యసామి రోజూ తెల్లారి స్నానం చేసి, నామం పెట్టుకుని, దీపం వెలిగిస్తాడు. దీపం ముందు ఆ కాగితం కనబడగానే మనసు అడ్డం తిరిగేది. ఏ విధమైన భాగమూ లేదట. ప్రతి ఆదివారం ముప్పై ఐదు కిలోమీటర్లు మోపెడ్ మీద పోయి, కత్తిరించిన గుడ్డల మూటలు తెచ్చేది ఎవరు? కుట్టిన చొక్కాలు దింపి వచ్చేది ఎవరు? తిరుప్పూరు గోడౌన్‌లో రసీదు పుస్తకంలో ఉన్నవన్నీ తన సంతకాలే. సాయంత్రం డ్యూటీ దిగి వచ్చాక, టీవీలో వార్తలు వింటూ, కుట్లు పూర్తయిన చోట వేలాడే దారాలు కత్తెరతో కత్తిరించేది కూడా తనే. దేవుడి ముందు నిలబడి 'నాకు భాగం లేదు' అని ఎట్లా రాయడం?

మూడో రోజు పొద్దున పాప్పమ్మాళ్ మిషన్ ఆపి వంటింట్లోకి వచ్చింది. "ఏమండి, ఆ కాగితం మీద సామే వచ్చి సంతకం పెడతాడని ఎదురు చూస్తుండారా?"

"అబద్ధం రాయమంటావా?"

"ఏది అబద్ధం? కుట్టేది నేను కాదా?"

"కుట్టేది నువ్వే. ఎవరు కాదన్నారు? కానీ నాకు భాగమే లేదని ఎట్ల చెప్పేది? మోసుకొచ్చేది నేను కాదా?"

"మోసుకొచ్చేదానికి భాగమా? సరి. అట్లయితే మీకు పొద్దున డబ్బా కట్టి ఇచ్చేది నేను. ఇస్త్రీ చేసేది నేను. మీ కంపెనీ జీతంలో నాకెంత భాగమో రాసి ఇవ్వండి."

అది అయ్యసామి ఎప్పుడూ ఆలోచించని ప్రశ్న. ఆ రోజే డ్యూటీ దిగి వస్తూ ఆడిటరు ఆఫీసు ముందు మోపెడ్ ఆపి, లోపలికి పోయి, సంతకం సంగతి ఎత్తకుండా అదే అడిగాడు.

దర్శిని ఒక రిటర్ను చేస్తూ చేస్తూ చెప్పింది. "జీతం సంపాదించినవాళ్ళదే అన్నా. డబ్బా కట్టినవాళ్ళకు కాలమ్ లేదు. ఇంకో వింత చెప్తాను వినండి. మీరు అక్కకు లక్ష రూపాయలు ఊరికే ఇచ్చి, ఆమె దాన్ని బ్యాంకులో వేసుకుంటే, ఆ వడ్డీ ఆమె పేరు మీద వచ్చినా మీ లెక్కలోకే వస్తుంది. ఆమె చేతులతో సంపాదించింది మాత్రం ఆమెదే. మీరు కావాలన్నా మీ లెక్కలో వేసుకోకూడదు."

"ఇచ్చింది ఇచ్చినవాడిదే. చేసింది చేసినవాళ్ళది."

"అంతే."

ఇంటికి వస్తూ దారంతా అయ్యసామి ఆ మాటే తిప్పి తిప్పి చూసుకున్నాడు. ఇచ్చేసిన తరువాత కూడా ఇచ్చినవాడిదే ఎట్లా అవుతుంది? గుడి హుండీలో వేసిన రూపాయి ఇంకా తనదేనా? అది ఒప్పుకోవడానికి మనసు రాలేదు. కానీ రెండో మాట ఒప్పుకోక తప్పలేదు. చేసింది చేసినవాళ్ళది. మరి తాను చేసిన ఆ కాస్తా? అది ఎక్కడ రాయాలి?

*

ఆదివారం పాప్పమ్మాళ్ తానే బయలుదేరింది. పద్దెనిమిది ఏళ్ళుగా తిరుప్పూరు పని చేస్తోంది గాని, ఒక్కసారి కూడా ఆ గోడౌన్ చూడలేదు. పట్టు కాదు, నూలు చీర కట్టుకుని, కొత్త పాన్ ప్రింటు చేతిసంచిలో పెట్టుకుని మోపెడ్ వెనక కూర్చుంది. మూటలు ఎప్పుడూ ముందువైపే ఉంటాయి కాబట్టి వెనక చోటుకు లోటు లేదు. సంతకం లేని కాగితం అయ్యసామి జేబులో ఉంది.

పళనివేల్ మాట్లాడేది తిరుప్పూరు తమిళం. ప్రతి మాట చివరా, మన 'అండి' లాగా, 'ంగ' తగిలించి మర్యాదగానే తిడతాడు. అయ్యసామి ఇచ్చిన కాగితం చదివి మేజా మీద పెట్టాడు.

"నా లెక్కలాయన మూడు నెలలకోసారి వస్తాడండి. ఇది మార్చడానికి ఆయనకు వేరే కూలి ఇవ్వాలి. సరే, అది కూడా ఇస్తాననుకోండి. మూట పట్టుకుపోయేది మీరు. తెచ్చేది మీరు. పుస్తకంలో సంతకం మీది. ఇప్పుడొచ్చి మీది కాదంటే రేపు ఆఫీసువాళ్ళు నన్ను అడిగితే నేనేమని చెప్పాలండి? ఈమెను నేను ఈ రోజే చూస్తుండాను."

ఆయన అడిగింది సరిగ్గా అయ్యసామి దేవుడి ముందు మూడు రోజులు తనను తాను అడుగుతూ వచ్చిన ప్రశ్నే.

పాప్పమ్మాళ్ గోడవారగా పోసి ఉన్న చొక్కాల కుప్ప వైపు చూసింది. పసుపు రంగువి, లేత నీలంవి, బొమ్మ ఏనుగు అచ్చు వేసినవి. నాలుగైదు ఊళ్ళ నుంచి వచ్చినవన్నీ కలిపి పోశారు.

"డబ్బు ఏ ఖాతాకు వేస్తుండారు?" అంది తమిళంలో.

"మీ పేరు మీద ఉన్నదానికే."

"అది చాలదా?"

"ఖాతా ఎవరి పేరు మీదైనా పెట్టుకుంటారమ్మా. ఊళ్ళో సగం మంది అట్లనే పెట్టుకుంటారు."

"సరి. అయితే ఆ కుప్పలో నావి ఏవో నేను ఏరి పెడతాను. మూట నంబరు చీటీ లోపల ఉంటుంది కదా, మీరే తిప్పి చూసుకోండి."

పళనివేల్‌కు ఇది వింతగా అనిపించింది. సరదా కూడా పుట్టింది. "ఒకే కొలత, ఒకే దారం, ఒకే మిషన్ కుట్టు. ఎట్ల ఏరుతారండి?" అంటూనే కుప్పలోంచి చేతికందినవి ముప్పై దాకా తీసి మేజా మీద పరిచాడు.

ఆమె కింద కూర్చోలేదు. నిలబడే ఒక్కో చొక్కా భుజం దగ్గర వేలితో తడిమి చూసింది. చూడడం కన్నా తడమడమే ఎక్కువ. ఒకటి పక్కన పెట్టింది. రెండు వదిలేసింది. ఇంకొకటి పెట్టింది. గోడౌన్‌లో ఇస్త్రీ చేసే ఆడవాళ్ళు కూడా పని ఆపి చూస్తున్నారు. చివరికి పదకొండు తేలాయి.

పళనివేల్ ఒక్కోటి తిప్పి లోపలి చీటీ చూశాడు. మొదటిది సూలూరు మూట. రెండోది సూలూరు. మూడోది సూలూరు. పదకొండూ చూసి, వదిలేసిన వాటిలో కూడా నాలుగైదు తిప్పాడు. వదిలేసిన వాటిలో ఒక్కటీ సూలూరుది కాదు.

"ఏం మాయ ఇది?"

"మాయ ఏముంది? నాకు నేర్పినామె భుజం దగ్గర మొదలుపెట్టేటప్పుడు రెండు కుట్లు వెనక్కి వేసి ముందుకు పొమ్మంది. పసిబిడ్డకు చొక్కా తొడిగేటప్పుడు లాగేది అక్కడే కదా. పిగలకూడదు. ఇప్పుడెవరూ అట్ల వెయ్యరు. దారం ఎక్కువ పడుతుంది."

పదకొండులోంచి నాలుగు విడిగా తీసి, ఆమె కొంచెం ఆగింది. భర్త వైపు ఒకసారి చూసి, చెప్పాలా వద్దా అన్నట్టు, చివరికి చెప్పేసింది. "ఈ నాలుగూ కుట్టింది నేనే. దారాలు మాత్రం ఈయన కత్తిరించినారు."

పళనివేల్ ఒకటి ఎత్తి వెలుగుకు పెట్టాడు. చంక కింద అంగుళం దారం తోకలా వేలాడుతోంది. పెద్దగా నవ్వాడు. "ఓహో! ఈ తోకలు పెట్టే మహానుభావులు మీరేనాండి? నేను ఎవరో కొత్తగా నేర్చుకుంటున్న పిల్ల అనుకుంటుండాను! వీటికేగదా మూటకు నలభై రూపాయలు తగ్గించేది!"

ఇస్త్రీ ఆడవాళ్ళు కిసుక్కున నవ్వారు. అయ్యసామి నవ్వలేదు. "తగ్గించేదా? ఎప్పటి నుంచి?"

"రెండేళ్ళయిందండి. ఇంట్లో చెప్పలేదా?"

అయ్యసామి భార్య వైపు తిరిగాడు. ఆమె చొక్కాలు మడతపెడుతూ, తలెత్తకుండా తెలుగులో అంది. "పగలంతా తీగ చుట్టి, అలసిపోయి వచ్చి, నాకోసమని కూచుని కత్తిరిస్తుంటే ఎట్ల చెప్పేది? మూటకు నలభైయే కదా అనుకున్నాను."

వారానికి రెండు మూటలు. రెండేళ్ళు. అయ్యసామి ఆ గుణకారం మొదలుపెట్టి మధ్యలోనే వదిలేశాడు. తాను భాగం అనుకున్నది ఇదా? ఇన్నాళ్ళు ఆమె తన కూలిలోంచి కట్ చేయించుకుని, సాయంత్రం ఆమె పక్కన కూర్చునే ఆ గంట అతనికి ఇచ్చింది. దాన్ని ఏ కాలమ్‌లో రాస్తారు?

జేబులోంచి పెన్ను తీశాడు. టైపు చేసిన కాగితంలో 'ఏ విధమైన భాగమూ లేదు' అన్న వరుస అడ్డంగా కొట్టేశాడు. దాని పైన, తమిళంలో, స్కూల్లో నేర్చుకున్న గుండ్రని అక్షరాలతో రాశాడు. 'కుట్టింది నా భార్య పాప్పమ్మాళ్. కూలి ఆమెది. నేను మూటలు మోశాను, దారాలు కత్తిరించాను. దానికి నాకు కూలి లేదు, తగ్గింపు మాత్రం పడింది.' సంతకం పెట్టి ఇచ్చాడు.

పళనివేల్ చదివి బుర్ర గోక్కున్నాడు. "చివరి ముక్క ఎందుకండి? ఆఫీసుకు పోయే కాగితం. నేనేదో గీసి గీసి పట్టుకునేవాణ్ణి అనుకుంటారు."

"నిజమే కదా."

"నిజం చాలా ఉంటుందండి. అన్నీ రాస్తామా? కూలి లేదు అన్నదాకా ఉంచండి. అది చాలు."

అయ్యసామి ఆలోచించాడు. తగ్గింపు సంగతి టాక్సు ఆఫీసుకు అక్కర్లేదు. అది తనకు తెలియాల్సిన నిజం, తెలిసింది. ఆ ముక్క కొట్టేసి పక్కన చిన్న సంతకం పెట్టాడు. పళనివేల్ లెక్కలాయనకు అక్కడే ఫోను చేసి, పాప్పమ్మాళ్ కొత్త నంబరు రెండుసార్లు చదివి వినిపించాడు. తరువాత రసీదు పుస్తకం ఆమె వైపు తిప్పాడు. ఆమె తన పేరు అంతా రాసి, కింద గీత కూడా గీసింది.

*

మార్పు కంప్యూటరులో కనబడడానికి మూడు వారాలు పట్టింది. ఆ మూడు వారాలూ పాప్పమ్మాళ్ బీరువాలో పాతిక వేలు ముట్టుకోలేదు. అయ్యసామి ఒకరోజు విడిచి ఒకరోజు దర్శినికి ఫోను చేసి విసిగించాడు. సెప్టెంబరు పదో తేదీ పొద్దున ఆమే చేసింది. "వచ్చిందన్నా. అక్కను కూడా తీసుకురండి."

అయ్యసామి రిటర్ను మొదట పోయింది. కట్టాల్సింది సున్నా. తరువాత పాప్పమ్మాళ్‌ది. ఆమెకు కట్టాల్సింది లేకపోగా, పట్టుకున్న రెండు వేల ఆరు వందలు వెనక్కి వస్తాయని తేలింది. ఆధార్ మీద సరిచూసే ఓటీపీ ఆమెదే గాని, అది వచ్చింది అయ్యసామి ఫోనుకు. "ఇదొకటి ఇంకా మిగిలి ఉంది," అని దర్శిని నవ్వింది.

"అమ్మా," అన్నాడు అయ్యసామి తెరమీదికి వంగి, "ఇందులో మా ఇద్దరికీ పెళ్ళయిందని ఎక్కడ రాసి ఉంది?"

దర్శిని పైనుంచి కిందికి జరిపి చూపించింది. పేరు, తండ్రి పేరు, అడ్రసు, బ్యాంకు. "ఇందులో అడగరన్నా."

"ఒక్కచోటా అడగరా?"

"ఒక్కచోటా లేదు."

అతనికి అది ఇంకా వింతగానే ఉంది. పెరుమాళ్ పక్కన తాయారు, ఆ లక్ష్మీదేవి, లేకుండా పటమే ఉండదు కదా అనుకున్నాడు. కానీ గుళ్ళో కూడా తాయారుకు సన్నిధి వేరే, హారతి వేరే. ఆ సంగతి ఇన్నేళ్ళుగా చూస్తూనే ఉన్నా ఎందుకని అడగాలని తోచలేదు.

ఎప్పటిలాగే అయిదు వందల నోటు తీసి బల్ల మీద పెట్టాడు.

"వెయ్యి అన్నా," అంది దర్శిని.

"ఏంటికి? ఏటా అయిదు వందలే కదా?"

"రెండు రిటర్నులు కదా."

"చూసినావా పాప్పా? ఇక్కడ మాత్రం ఒకటే అయుంటే బాగుండేది," అని అయ్యసామి మళ్ళీ జేబులో చెయ్యి పెట్టబోయాడు.

పాప్పమ్మాళ్ అప్పటికే చేతిసంచి తెరిచింది. "నాది నేను ఇస్తాను, ఉండండి," అంటూ నోట్లు లెక్కపెట్టి ఇచ్చి, "పదండి పదండి, మిషన్ అంగడి మధ్యాహ్నం మూసేస్తాడు" అని లేచింది.